ఉక్కు గోళీ ఎగరలేదంటే తప్పెక్కడ? సిమ్యులేషన్‌లో తాకిడి బలాల లెక్క

20 మి.మీ. వ్యాసం ఉన్న ఉక్కు గోళీని మీటరు ఎత్తు నుంచి మందపాటి ఉక్కు దిమ్మ మీదికి వదిలామనుకుందాం. యంత్రాల కదలికను లెక్కగట్టే ఆడమ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ మోడల్ కట్టడం పది నిమిషాల పని. ఒక గోళం, ఒక దిమ్మ, గురుత్వాకర్షణ, రెండింటికీ మధ్య ఒక కాంటాక్ట్ (తాకినప్పుడు పుట్టే బలాన్ని లెక్కించే అంశం), అంతే. కాంటాక్ట్ పెట్టెలో ముందే నింపి ఉన్న అంకెల్ని ముట్టుకోకుండా, టైమ్ స్టెప్ (ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య కాలం) మాత్రం బాగా చిన్నది పెట్టి నడిపితే గరిష్ఠ బలం సుమారు 10,100 న్యూటన్లు వస్తుంది. అదే లెక్కను హెర్ట్జ్ సూత్రంతో కాగితం మీద చేస్తే 10,300. తేడా రెండు శాతమే కాబట్టి రిపోర్టులో పెట్టేయవచ్చనిపిస్తుంది. కానీ యానిమేషన్ చూడండి. గోళీ మట్టిముద్దలా దిమ్మకు అంటుకుని ఉండిపోయింది, పైకి ఎగరనే లేదు.

అంకె కుదిరింది, భౌతికశాస్త్రం కుదరలేదు. తాకిడి బలాలతో పనిచేసేవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఈ ఉదాహరణనే. కాంటాక్ట్ పెట్టెలోని స్టిఫ్‌నెస్ (అణగకుండా ఎదిరించే గట్టిదనం), డ్యాంపింగ్ (కదిలే శక్తిని తినేసే గుణం) ఉక్కుకో రబ్బరుకో పుట్టుకతో వచ్చిన ధర్మాలు కావు. ఢీకొనే వస్తువుల ఆకారం, బరువు, వేగం, మనం అడుగుతున్న ప్రశ్న, ఇవన్నీ కలిసి నిర్ణయించే అంకెలవి. ఒక మోడల్‌లో చక్కగా పనిచేసిన విలువల్ని ఇంకో మోడల్‌లోకి కాపీ చేస్తే చాలా సార్లు ఇలాంటి ఫలితాలే వస్తాయి.

తాకిడిని కంప్యూటర్ చూసే తీరు

దృఢ వస్తువులు ఒకదాంట్లోకి ఒకటి దూరవు. ఈ మాటను సాఫ్ట్‌వేర్‌కు చెప్పడానికి రెండు దారులున్నాయి.

మొదటిది నియమంగా చెప్పడం: దూరం సున్నా కంటే తగ్గకూడదు, బలం తోయాలే తప్ప లాగకూడదు, దూరం ఉన్నప్పుడు బలం ఉండకూడదు. తాకిడి ఒక్క క్షణంలో జరిగిపోతుంది, వేగాలు ఒక్కసారిగా మారతాయి, లెక్కలోకి వచ్చేది బలం కాదు, ప్రచోదనం, అంటే ఆ తాకిడి తెచ్చే మొత్తం ద్రవ్యవేగ మార్పు. స్టీవర్ట్, ట్రింకిల్ 1996లో ప్రతిపాదించిన టైమ్ స్టెప్పింగ్ పద్ధతి ఈ కోవలోదే. వేల కొద్దీ రాళ్లు, గింజలు దొర్లే మోడళ్లకు ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే టైమ్ స్టెప్ పెద్దదిగా ఉన్నా నిలబడుతుంది. అయితే దృఢత్వానికి కూలంబ్ ఘర్షణ (ఒత్తే బలానికి అనుపాతంలో ఉండే ఘర్షణ) తోడైతే గణితమే మొరాయించే సందర్భాలున్నాయి. నేల మీద వాలి జారుతున్న కడ్డీకి ఘర్షణ గుణకం ఒక హద్దు దాటితే సమీకరణాలకు జవాబే లేకుండా పోవచ్చనీ, లేదా ఒకటికి మించి జవాబులు రావచ్చనీ 1895లో పాల్ పెన్లవే చూపించాడు. తర్వాత రోజుల్లో ఫ్రాన్స్ ప్రధాని అయింది ఈయనే. నల్లబల్ల మీద సుద్దముక్కను ముందుకు వాల్చి తోస్తే గీత రావాల్సిన చోట చుక్కచుక్కలుగా ఎగురుతుంది చూశారా, ఈ చిక్కుముడికి తరచూ చెప్పే ఉదాహరణ అదే.

రెండో దారిలో చొరబాటును కొద్దిగా అనుమతిస్తారు. వస్తువులు ఒకదాంట్లోకి ఒకటి వెంట్రుకవాసి దూరతాయి, ఆ లోతును బట్టి వాటి మధ్య ఒక స్ప్రింగు, ఒక డ్యాంపరు వెనక్కి తోస్తాయి. ఆడమ్స్ ఇంపాక్ట్ ఫంక్షన్, సిమ్‌స్కేప్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లోని స్పేషియల్ కాంటాక్ట్ ఫోర్స్ బ్లాక్ ఈ దారినే నడుస్తాయి. ప్రాజెక్ట్ క్రోనో అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు దారులూ ఉన్నాయి. యంత్రభాగాల మీద పడే బలం ఎంతో తెలియాలంటే ఈ రెండో దారే పనికొస్తుంది, కాబట్టి ఇక్కడి నుంచి మాట దాని గురించే.

హెర్ట్జ్ లెక్క

స్టిఫ్‌నెస్ ఎంత పెట్టాలి? గోళం బల్లపరుపు మీద తాకే మన కేసులో దీనికి చక్కటి జవాబుంది. రెండు గాజు కటకాల్ని ఒత్తినప్పుడు అవి ఎలా అణుగుతాయన్న ప్రశ్న నుంచి మొదలుపెట్టి హైన్రిష్ హెర్ట్జ్ 1882లో ప్రచురించిన సిద్ధాంతమది. దాని ప్రకారం బలం చొరబాటు లోతుకు 1.5 ఘాతంగా పెరుగుతుంది. అణిగేకొద్దీ తాకే వైశాల్యం పెరిగి ఇంకా గట్టిపడుతుంది కాబట్టి స్ప్రింగు సరళరేఖలో ఉండదు.

అంకెలు వేసి చూద్దాం. ఉక్కుకు యంగ్ గుణకం (సాగకుండా ఎదిరించే గట్టిదనం) చదరపు మి.మీ.కు 2,07,000 న్యూటన్లు, పాయిజాన్ నిష్పత్తి (ఒకవైపు అణిగితే పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) 0.3. రెండు వైపులా ఉక్కే కాబట్టి కలిపిన గుణకం 2,07,000ను 1.82తో భాగిస్తే వచ్చే 1,13,700. దాన్ని వ్యాసార్ధం 10 మి.మీ. యొక్క వర్గమూలంతోనూ, మూడింట నాలుగుతోనూ గుణిస్తే స్టిఫ్‌నెస్ గుణకం సుమారు 4.8 లక్షలు. గోళీ బరువు 32.7 గ్రాములు, దిమ్మను తాకే వేగం సెకనుకు 4.43 మీటర్లు, గతిజశక్తి 321 న్యూటన్ మి.మీ. ఈ శక్తంతా స్ప్రింగులోకి వెళ్తే చొరబాటు 0.078 మి.మీ., గరిష్ఠ బలం 10,300 న్యూటన్లు, తాకిడి మొదలై ముగిసేదాకా పట్టే సమయం 51 మైక్రోసెకన్లు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఈ బలం పడే వృత్తం వ్యాసార్ధం 0.9 మి.మీ. కూడా లేదు. సగటు ఒత్తిడి చదరపు మి.మీ.కు 4,200 న్యూటన్లు దాటుతుంది. మామూలు మైల్డ్ స్టీల్ 250 దగ్గరే లొంగిపోతుంది. అంటే అసలు దిమ్మ మీద చిన్న సొట్ట పడుతుంది, అసలు బలం హెర్ట్జ్ చెప్పినదాని కంటే తక్కువగా, తాకిడి సమయం ఎక్కువగా ఉంటుంది. ఈ లెక్కను ఎగువ హద్దుగానే వాడుకోవాలి. ఇంకో మాట: సమతలం మీద సమతలం ఆనితే హెర్ట్జ్ సూత్రం అసలు వర్తించదు. అక్కడ ఆ భాగానికి ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (భాగాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించేది) కట్టి, కొంత బలమేసి, ఎంత అణిగిందో చూసి స్టిఫ్‌నెస్ తీసుకోవడమే సరైన పని.

యూనిట్లతో కొంపలు మునిగేది కూడా ఈ దశలోనే. ఘాతం 1.5 ఉన్నప్పుడు మిల్లీమీటర్ల నుంచి మీటర్లకు మారితే గుణకాన్ని 1,000తో హెచ్చించి ఊరుకుంటే చాలదు. 1,000కి 1.5 ఘాతం, అంటే సుమారు 31,600తో హెచ్చించాలి. ఘాతం మారిస్తే స్టిఫ్‌నెస్ యూనిట్ కూడా మారిపోతుంది. అందుకే 2.2 ఘాతంతో ఉన్న అంకెనూ 1.5 ఘాతంతో ఉన్న అంకెనూ పక్కపక్కన పెట్టి ఏది గట్టిది అని అడగడంలో అర్థం లేదు.

గోళీ ఎందుకు అంటుకుపోయింది

ఇప్పుడు మొదటి చిక్కు విప్పవచ్చు. ఆడమ్స్ డిఫాల్ట్ విలువలు ఇవీ: స్టిఫ్‌నెస్ 1,00,000, ఘాతం 2.2, డ్యాంపింగ్ మి.మీ.కు 10 న్యూటన్ సెకన్లు, చొరబాటు లోతు 0.1 మి.మీ. ఈ చివరిదాన్ని చాలామంది గోళీ దిగగలిగే గరిష్ఠ లోతు అనుకుంటారు. కాదు. ఏ లోతు దగ్గర డ్యాంపింగ్ పూర్తిస్థాయికి చేరుకుంటుందో చెప్పే అంకె అది. సున్నా నుంచి ఆ లోతు వరకు డ్యాంపింగ్ ఒక మెత్తటి వంపులో పెరుగుతుంది.

ఆ వంపు లేకపోతే ఏమవుతుందో చూస్తే దాని అవసరం తెలుస్తుంది. గోళీ తాకిన తొలి క్షణంలో చొరబాటు సున్నా, వేగం గరిష్ఠం. సెకనుకు 4,430 మి.మీ. వేగాన్ని 10తో గుణిస్తే 44,300 న్యూటన్లు. స్ప్రింగు ఇంకా మేలుకోకముందే అంత బలం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. విడిపోయేటప్పుడు ఇదే డ్యాంపరు గోళీని వెనక్కి లాగుతుంది కూడా. సాదా స్ప్రింగు డ్యాంపరు జంటకు ఉన్న పాత జబ్బులివి. మెత్తటి వంపు మొదటిదాన్ని సరిచేస్తుంది, బలం సున్నాకు దిగువకు పోకూడదన్న షరతు రెండోదాన్ని.

కానీ వంపు ఉన్నా 10 అనే డ్యాంపింగ్ 33 గ్రాముల గోళీకి చాలా ఎక్కువ. ప్రచోదనం లెక్కేస్తే, గోళీ ద్రవ్యవేగమంతటినీ డ్యాంపరు ఒక్కటే 0.06 మి.మీ. లోతులోపు తినేస్తుంది. ఆ లోతు దగ్గర స్ప్రింగులో దాగిన శక్తి 321లో నాలుగు న్యూటన్ మి.మీ. కూడా లేదు. గోళీని పైకి పంపడానికి ఏమీ మిగల్లేదు. 10,100 న్యూటన్ల గరిష్ఠ బలం వచ్చింది నిజమే, కానీ అందులో స్ప్రింగు వాటా వంద లోపే. మిగతాదంతా డ్యాంపరుదే. హెర్ట్జ్ అంకెతో కుదరడం కేవలం యాదృచ్ఛికం. ఇంకో ఎత్తు నుంచి వదిలితే ఆ పొత్తు చెదిరిపోతుంది.

సిమ్‌స్కేప్ డిఫాల్ట్ విలువలతోనూ ఇదే కథ. అక్కడ స్టిఫ్‌నెస్ మీటరుకు 10 లక్షల న్యూటన్లు, డ్యాంపింగ్ 1,000. ఈ గోళీకి క్రిటికల్ డ్యాంపింగ్, అంటే అది ఊగకుండా ఆగిపోయే హద్దు, 362 మాత్రమే. సాఫ్ట్‌వేర్లలో లోపముందని కాదు దీని అర్థం. ఆ అంకెలు మోడల్ నడవడానికి పెట్టిన ఆరంభ విలువలు, మన గోళీని చూసి పెట్టినవి కావు.

మరి డ్యాంపింగ్ ఎంత పెట్టాలి? ముందు నిజమైన గోళీ ఎంత ఎగురుతుందో కొలవాలి. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు, ఫోన్‌లో సౌండ్ రికార్డ్ చేస్తే చాలు. ఒక టక్కుకూ తర్వాతి టక్కుకూ మధ్య సమయం, దాని తర్వాతి విరామం, ఈ రెండింటి నిష్పత్తే ప్రత్యావస్థాన గుణకం, అంటే తాకాక ఉండే వేగం తాకకముందు వేగంలో ఎన్నో వంతో చెప్పే అంకె. మొదటి విరామం 0.72 సెకన్లు, రెండోది 0.58 అయితే గుణకం 0.8. అంటే ఒక్కో తాకిడికి 36 శాతం శక్తి పోతోంది, మన గోళీకి అది 115 న్యూటన్ మి.మీ. డ్యాంపరు ఈ 115 మాత్రమే తినాలి. హెర్ట్జ్ స్టిఫ్‌నెస్, 1.5 ఘాతం, చొరబాటు లోతు 0.01 మి.మీ. పెట్టుకుని శక్తి లెక్క చూస్తే డ్యాంపింగ్ 0.25 దగ్గర తేలుతుంది. డిఫాల్ట్‌లో నలభయ్యో వంతు. అక్కడ మొదలుపెట్టి రెండు మూడు సార్లు నడిపి, గోళీ 64 సెం.మీ. ఎత్తుకు లేచేలా సర్దుకోవాలి.

గుణకం ఇస్తే డ్యాంపింగ్ దానంతటదే

ప్రతిసారీ ఇలా సర్దడం విసుగు పని. ప్రత్యావస్థాన గుణకాన్నే ఇన్‌పుట్‌గా తీసుకునే మోడళ్లు అందుకే పుట్టాయి. 1975లో హంట్, క్రాస్లీ ఒక తెలివైన మార్పు చేశారు: డ్యాంపింగ్ బలాన్ని కూడా చొరబాటు ఘాతంతో గుణించారు. తాకిన క్షణంలో లోతు సున్నా కాబట్టి డ్యాంపింగ్ కూడా సున్నా, బలం ఎగిరి దూకదు. అదే రూపాన్ని ఉంచి గుణకం లెక్కను 1990లో లంకరానీ, నిక్రవేష్ మార్చారు, 2011లో ఫ్లోరెస్, ఆయన సహ పరిశోధకులు మరోలా రాశారు.

వీటిని వాడేవాళ్లు చాలాసార్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. మనం ఇచ్చిన గుణకం, మోడల్‌లో వస్తువు నిజంగా చూపించే గుణకం ఒకటి కావు. సమీకరణాన్ని పూర్తిగా ఇంటిగ్రేట్ చేసి చూస్తే, 0.5 ఇచ్చినప్పుడు లంకరానీ, నిక్రవేష్ మోడల్‌లో 0.73 వస్తుంది, హంట్, క్రాస్లీ మోడల్‌లో 0.66, ఫ్లోరెస్ మోడల్‌లో 0.47. 0.9 ఇస్తే లంకరానీ, నిక్రవేష్ 0.91 చూపిస్తుంది, అంటే గట్టి ఉక్కు తాకిడులకు ఇబ్బందేమీ లేదు. అసలు ఎగరకూడదని సున్నా ఇచ్చినా ఆ మోడల్ 0.66తో ఎగరేస్తుంది! రబ్బరు బంపరుకో ప్లాస్టిక్ స్టాపరుకో ఈ మోడల్ వాడి శక్తి నష్టాన్ని నమ్మితే ఫలితం పూర్తిగా దారి తప్పుతుంది. మెత్తటి తాకిడులకు ఫ్లోరెస్ రూపమే వాడాలి. పాత మోడల్ తప్ప వేరే దారి లేకపోతే, ముందు ఒంటరి గోళీతో నడిపి ఏ ఇన్‌పుట్‌కు ఏ గుణకం వస్తుందో పట్టిక చేసుకోవాలి.

స్టిఫ్‌నెస్ తగ్గిస్తే పోయేదేమిటి, మిగిలేదేమిటి

51 మైక్రోసెకన్ల తాకిడిని సరిగ్గా పట్టుకోవాలంటే అందులో కనీసం 20 స్టెప్పులు పడాలి, అంటే ఒక్కో స్టెప్పు 2.5 మైక్రోసెకన్లు. పది సెకన్ల యంత్ర చలనానికి ఇది 40 లక్షల స్టెప్పులు. అందుకే స్టిఫ్‌నెస్ తగ్గించాలన్న కోరిక పుడుతుంది, చాలా సందర్భాల్లో అది న్యాయమే.

హెర్ట్జ్ స్టిఫ్‌నెస్‌ను 100 రెట్లు తగ్గిస్తే చొరబాటు, తాకిడి సమయం రెండూ 6.3 రెట్లు పెరుగుతాయి. సమయం 51 నుంచి 325 మైక్రోసెకన్లకు, లోతు దాదాపు అర మిల్లీమీటరుకు పోతాయి. గరిష్ఠ బలం 10,300 నుంచి 1,600కు పడిపోతుంది. కానీ ప్రచోదనం మారదు. ద్రవ్యవేగం ఎంత మారిందో దాన్ని గోళీ బరువు, వేగం, ప్రత్యావస్థాన గుణకమే తేలుస్తాయి, స్టిఫ్‌నెస్‌కు అందులో పాత్ర లేదు.

కాబట్టి ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామన్నది ముందే తేల్చుకోవాలి. తాకిన తర్వాత లింకులు ఎలా కదులుతాయి, మోటారుకు ఎంత టార్క్ కావాలి, పెట్టె ఎటు దొర్లుతుంది అన్నవి ప్రచోదనంతో తేలే ప్రశ్నలు. మెత్తటి స్టిఫ్‌నెస్‌తోనూ సరైన జవాబే వస్తుంది, చొరబాటు మాత్రం యంత్రంలోని అసలు ఖాళీల కంటే బాగా చిన్నదిగా ఉంటే చాలు. గేరు పన్ను విరుగుతుందా, బేరింగ్ ఆ దెబ్బకు నిలుస్తుందా అన్నవి గరిష్ఠ బలంతో తేలేవి. అక్కడ మెత్తని స్టిఫ్‌నెస్‌తో వచ్చిన అంకెను డిజైన్‌కు ఇవ్వకూడదు. ఇచ్చినవాళ్లు యంత్రం నడిచాక విరిగిన భాగాన్ని చూస్తారు.

స్టెప్ పెద్దదైతే వచ్చే ప్రమాదాలు రెండు రకాలు. ఒకటి కళ్లకు కనిపించేది: స్టెప్ 1 మిల్లీసెకను అయితే గోళీ ఒక్క స్టెప్పులో 4.4 మి.మీ. కదులుతుంది. గోళీ మిల్లీమీటరంత చిన్నదై, కింద ఉన్నది దిమ్మ కాకుండా 2 మి.మీ. రేకు అయితే, తాకిడిని చూడకుండానే అవతలికి వెళ్లిపోవచ్చు. రెండోది దాగి ఉంటుంది. ఇంటిగ్రేటర్ (చలన సమీకరణాల్ని అంచెలంచెలుగా సాధించే భాగం) లోపల సన్నటి స్టెప్పులే వేసినా, ఫలితాలు 10 మిల్లీసెకన్లకు ఒకసారే సేవ్ అయితే గ్రాఫులో ఆ 51 మైక్రోసెకన్ల శిఖరం కనిపించదు. ‘బలం రాలేదు’ అని మోడల్‌ను తిరగేసే ముందు అవుట్‌పుట్ స్టెప్ చూసుకోవాలి. ఘాతాన్ని 1 దగ్గర ఉంచడమూ మంచిది కాదు. తాకిన క్షణంలో బలం రేఖకు కోణం ఏర్పడి సాల్వర్ అక్కడే తడబడుతుంది. 1 కంటే ఎక్కువ ఉండాలన్న సలహా వెనుక ఉన్న కారణమిది.

ఆకారం కూడా బలమే

40 మి.మీ. వ్యాసం ఉన్న రంధ్రంలో పిన్ను, మధ్య ఖాళీ వ్యాసార్ధంలో 0.05 మి.మీ. అనుకోండి. వేగం కోసం సాఫ్ట్‌వేర్ వృత్తాన్ని చిన్న పలకలుగా ముక్కలు చేస్తుంది. 36 పలకలు చేస్తే ఒక్కో పలక నడుమ అసలు వృత్తం కంటే 0.076 మి.మీ. లోపలికి ఉంటుంది. ఖాళీయే 0.05! చలనం మొదలవకముందే పిన్ను అంచులు రంధ్రం గోడలోకి దిగబడి ఉంటాయి. షాఫ్ట్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే, పలకల వల్ల సెకనుకు 900 సార్లు బలం ఎగిసిపడుతుంది. యంత్రంలో లేని 900 హెర్ట్జ్ కంపనం గ్రాఫులో కనిపిస్తుంది, దాని కారణం వెతుకుతూ రోజులు గడిచిపోతాయి. లోపాన్ని 0.005 మి.మీ. లోపు ఉంచాలంటే కనీసం 141 పలకలు కావాలి. వీలైన చోట అసలు వక్రతలాన్నే వాడాలి, లేదా గోళం, సిలిండర్ లాంటి ఖచ్చితమైన ఆకారాలతో కాంటాక్ట్ రాయాలి.

పెట్టె బల్ల మీద చదునుగా కూర్చున్నప్పుడు తాకే బిందువు ఒక మూల నుంచి ఇంకో మూలకు గెంతుతూ బలం గిజగిజలాడుతుంది. దీనికి పాతకాలపు చిట్కా ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది: నాలుగు మూలల్లో నాలుగు చిన్న గోళాలు పెట్టి వాటితోనే కాంటాక్ట్ ఇవ్వడం.

నిలబడాల్సింది జారిపోతుంది

ఘర్షణలో ఉన్న చిక్కు నిశ్చలంగా ఉన్నప్పుడే బయటపడుతుంది. కూలంబ్ నియమంలో వేగం సున్నా దగ్గర బలం ఒక్కసారిగా దిశ మారుస్తుంది. సాల్వర్ దాన్ని మింగలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ మెట్టును మెత్తటి వాలుగా మారుస్తుంది. ఫలితం: వేగం సున్నా అయితే ఘర్షణ కూడా సున్నా. ఘర్షణ పుట్టాలంటే వస్తువు కొంతైనా జారాలి.

10 డిగ్రీల వాలు మీద పెట్టెను తీసుకోండి. స్థైతిక ఘర్షణ గుణకం 0.3, కావాల్సింది 0.176. అది కదలకుండా కూర్చోవాలి. కానీ ఆడమ్స్‌లో స్టిక్షన్ ట్రాన్సిషన్ వేగం, అంటే స్థైతిక ఘర్షణ పూర్తిస్థాయికి చేరే వేగం, డిఫాల్ట్‌గా సెకనుకు 100 మి.మీ. ఘర్షణ రేఖలోని ఆ మెత్తటి వాలు మీద 0.176కు సరిపడే చోటు సెకనుకు 42 మి.మీ. దగ్గర ఉంది. పెట్టె సెకనుకు 42 మి.మీ. చొప్పున, నిమిషానికి రెండున్నర మీటర్లు నిదానంగా దిగిపోతుంది. క్లాంపులు, గ్రిప్పర్లు, బ్రేకుల మోడళ్లలో పట్టు జారిపోతోందని గుణకాన్ని 0.6కు, 0.8కు పెంచుతూ పోయేవాళ్లు అసలు కారణాన్ని పట్టుకోలేదన్నమాట. మార్చాల్సింది ట్రాన్సిషన్ వేగం. దాన్ని 1 మి.మీ.కు తగ్గిస్తే జారుడు సెకనుకు 0.4 మి.మీ.కు వస్తుంది, బదులుగా స్టెప్ చిన్నదవుతుంది. పది సెకన్ల పట్టుకు 4 మి.మీ. జారుడు కూడా ఒప్పుకోలేకపోతే, వేగాన్ని బట్టి నడిచే ఈ ఘర్షణను వదిలి, తాకినచోట అడ్డంగా కూడా ఒక స్ప్రింగు ఉండే మోడల్‌కు మారాలి. అది వస్తువును నిజంగా ఒకచోట పట్టి ఉంచుతుంది.

మోడల్ నమ్మదగినదో కాదో చూడటానికి రెండు పరీక్షలు తప్పక చేయండి. గరిష్ఠ స్టెప్పును సగం చేసి మళ్లీ నడిపి, గరిష్ఠ బలం, ఎగిరిన ఎత్తు రెండూ ఎంత మారాయో చూడండి. ఒకట్రెండు శాతం దాటితే మొదటి రన్‌ను పక్కన పడేయాలి. తర్వాత మొత్తం యాంత్రిక శక్తిని గ్రాఫు గీయండి. తాకిడి ముగిసిన ప్రతిసారీ అది తగ్గి ఉండాలి, కొలిచిన గుణకం చెప్పినంతే తగ్గాలి. మన గోళీకి మొదటి దెబ్బలో 321 నుంచి 206కు రావాలి. 330కి పెరిగితే శక్తిని పుట్టించింది ఇంటిగ్రేటర్, 4కి పడిపోతే తినేసింది డ్యాంపర్.